పులికాట్ దీవికి పడవలో



సెలవులొస్తే చాలు, "ఎక్కడికైనా పోదామమ్మా" అని పిల్లలు ప్రాణం తీస్తారు కదా! తిరుపతి జిల్లాలోనే పులికాట్ సరస్సు ఉంది. తడ దగ్గర భీమునివారిపాళెం రేవులో పడవెక్కితే ఇరకం దీవికి పోవచ్చు. చలికాలంలో రాజహంసలు కూడా కనిపిస్తాయి.

సరస్సు చాలాచోట్ల నడుములోతే. అయినా అడుగంతా బురద, పసిపిల్లలకు ఆ లోతే చాలు. 2017 నవంబరులో కృష్ణానదిలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. పడవలో జనం ఎక్కువ, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. అందుకని పిల్లలకు జాకెట్ తొడిగాకే పడవెక్కించండి. జనం ఎక్కువైతే ఇంట్లోవాళ్ళు తొందరపెట్టినా సరే, మొహమాటపడకుండా మరో పడవకు ఆగండి.

1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం. గుడారం వేసుకొని రాత్రి ఉండాలంటే ముందుగా అటవీశాఖవారిని అడిగి అనుమతి తీసుకోవాలి. చుట్టూ ఉన్నది ఉప్పునీరే కాబట్టి తాగే నీళ్లు, చిత్రాన్నం, టార్చిలైటు, మందులు ఇంటినుంచే సర్దుకోండి. విస్తళ్లు, ప్లాస్టిక్ కవర్లు అక్కడ పారేయక తిరిగి తెచ్చేయండి.

మనకు పడవంటే ఒక్కరోజు సరదా. ఆ దీవి ఆడవాళ్లు తరతరాలుగా సంతకైనా, ఆసుపత్రికైనా పడవమీదే పోయారు. కాస్త తీరిక చేసుకొని వాళ్లనూ పలకరించి రండి.

సెలవు.