కుర్చీకి ఫరాయిజ్ లేదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక ఎన్నికల్లో మన బాధ్యత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని ఆదేశించారు. మేము ఏ పార్టీ తరఫునా మాట్లాడటానికి రాలేదు. ఏ ఇంటినీ నిందించడానికీ రాలేదు. ప్రతి ఎలక్షనుకూ మన వీధుల్లో వినబడే ఒక్క మాటను గురించే మనవి చేసుకుంటాము. "వాళ్ళ నాయన చేసినాడు, ఇప్పుడు కొడుకు చేస్తాడు, ఇంకెవరున్నారప్పా?" అనేదే ఆ మాట.

అనంతపురం సీమకు ఈ మాట కొత్తది కాదు. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురాన్నే చూడండి. 1985, 1989, 1994లలో అక్కడ రామారావుగారు గెలిచారు. వారి అనంతరం 1996 ఉప ఎన్నికలో కుమారుడు హరికృష్ణగారు గెలిచారు. 2009లో అదే పార్టీ తరఫున అబ్దుల్ ఘనీగారు గెలిచారు. 2014లో ఆ టిక్కెట్టు తిరిగి ఆ కుటుంబానికే, బాలకృష్ణగారికి వచ్చింది. 2019లో, 2024లో కూడా ఆయనే గెలిచారు.

తాడిపత్రిలో 1985 నుంచి 2009 దాకా దివాకర్ రెడ్డిగారు, 2014లో తమ్ముడు ప్రభాకర్ రెడ్డిగారు గెలిచారు. 2019లో ప్రభాకర్ రెడ్డిగారి కుమారుడు అస్మిత్ రెడ్డిగారు నిలబడితే జనం ఓడించారు. అదే జనం 2024లో ఆయన్ను గెలిపించారు. అంటే ఓటరు గుడ్డివాడు కాడు. పేరు చూసి ఇస్తాడు, కాదనుకుంటే తీసేస్తాడు కూడా.

అయితే అసెంబ్లీ సంగతి వేరు, వార్డు సంగతి వేరు. వార్డులో అభ్యర్థి మనకు పరాయివాడు కాడు. మామూ కొడుకో, వియ్యంకుని అల్లుడో అయివుంటాడు. వాన రాని ఏడు చెనిక్కాయ పంట పోయినప్పుడు, విత్తనానికి అప్పిచ్చిన ఇల్లు అది. బిడ్డ నిఖాకు ముందు నిలబడిన ఇల్లు అది. మయ్యత్ అయితే రాత్రిపూట తలుపు తడితే లేచివచ్చే ఇల్లు అది. కరువు నేలమీద బతికేవాడికి ఆ ఇంటి పేరే జామీను. దాన్ని ఎగతాళి చెయ్యడం న్యాయం కాదు.

కానీ వార్డు ఓటు విలువ ఎంతో 2021లో తాడిపత్రి చూపించింది. మునిసిపల్ చైర్మనును ఎన్నుకునేది కౌన్సిలర్లు గదా. అక్కడ 36 వార్డుల్లో ఒక పక్షానికి 18, మరో పక్షానికి 16 వచ్చాయి. మిగిలిన ఇద్దరి మద్దతుతో, అంతకుముందు ఎమ్మెల్యేగా పనిచేసి వార్డు కౌన్సిలరుగా నిలబడిన ప్రభాకర్ రెడ్డిగారు చైర్మను అయ్యారు. ఇద్దరు కౌన్సిలర్లు ఊరి పెత్తనాన్ని నిర్ణయించగలిగినప్పుడు, వార్డును మనం మొహమాటానికి రాసివ్వవచ్చునా?

చట్టాలు మారినా ఇల్లు తన దారి తాను వెతుక్కుంటుంది. ముగ్గురు పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన 1994 నుంచి ఉండేది, 2024లో రద్దయింది. అది ఉన్నన్నాళ్ళూ అన్నకు అడ్డమొస్తే తమ్ముడు, తమ్ముడికి అడ్డమొస్తే వదిన నిలబడేవారు. ఆడవారికి సగం స్థానాలు కేటాయిస్తే భార్యపేరు బ్యాలెట్టులోకి వచ్చింది, భర్త కుర్చీలోకి వచ్చాడు. ఆమె సంతకం ఇంట్లో, ఆయన మాట ఆఫీసులో. ఇది ఆడవారికి ఇచ్చిన హక్కా, మగవాడికి దొరికిన రెండో చెయ్యా?

మేము ఇతరులకు నీతులు చెప్పే అర్హత గలవాళ్ళము కాము. మా మొహల్లాలో మేమూ ఇదే చేశాము. పాత కౌన్సిలరు కొడుకు నిలబడితే పూలదండ పట్టుకుపోయినాము. కరెంటు పని చేసుకునే ఒక పిల్లవాడు కూడా నామినేషను వేసినాడు. ప్రతి వీధిలో ఏ స్తంభం ఎట్లుందో ఎరిగినవాడు. "నీకేం తొందర నాయనా, ఇంకా వయసుంది, ఇంటిపెద్దల మాట విను" అని చెప్పి మేమే ఉపసంహరింపజేసినాము. ఏకగ్రీవమైంది, మిఠాయి పంచుకున్నాము.

ఆ వేసవిలో కొళాయి ఎండిపోయింది. ఆడపిల్లలు బిందెలతో ట్యాంకరు కోసం ఎండలో నిలబడినారు. పోయి అడుగుదామంటే నోరు రాలేదు. అతడు మమ్మల్ని "చిచ్చా" అంటాడు, చాయ్ తెప్పిస్తాడు. చాయ్ తాగి తిరిగివచ్చినాము. చుట్టరికం ఓటు వేయించింది గాని, లెక్క అడగనివ్వలేదు.

సోదరులారా, మనిషి కన్నుమూస్తే ఎవరికెంత అని మన షరియత్ స్పష్టంగా చెప్పింది. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, కూతురి వంతుకు రెట్టింపు కొడుక్కు. ఆ ఫరాయిజ్‌లో ఇల్లుంది, చేనుంది, బంగారముంది, కుర్చీ లేదు. కుర్చీ ఆస్తి కాదు, అమానత్. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) గాయపడి మరణశయ్యమీద ఉన్నప్పుడు, తమలో ఒకరిని ఎన్నుకోమని ఆరుగురు సహచరులకు బాధ్యత అప్పగించారు. తన కుమారుడు అబ్దుల్లా సలహా చెప్పవచ్చు గాని, పదవికి ఆయన్ను తీసుకోకూడదన్నారు. కొడుకు అనర్హుడని కాదు. కొడుకు అన్న కారణం చాలదని.

ఇంకొక మాట. 2021లో అనంతపురం నగర మేయరుగా మహమ్మద్ వసీం గారు ఎన్నికైతే మనవాళ్ళు సంతోషించారు. సంతోషించడం తప్పు కాదు. అయితే "మనవాడు" అనే మాట కూడా "ఫలానా కొడుకు" అనే మాటకు అన్నదమ్ముడే. ఆ పేరుతో కూడా లెక్క అడగటం మానకూడదు.

కాబట్టి మా విన్నపాలు మూడు. ఎన్నికలు ఎప్పుడొచ్చినా, పోటీచేసే వారందరినీ ఒకచోట పిలిచి నీళ్ళు, కాలువలు, ఖబరస్తాన్ గోడ గురించి ఏం చేస్తారో జనం ముందు అడుగుదాం. గెలిచినది ఆడబిడ్డ అయితే ఆమెతోనే మాట్లాడుదాం, ఆమె భర్తతో కాదు. నిలబడదలచిన పేదింటి పిల్లవాణ్ణి పెద్దరికంతో కూర్చోబెట్టకుండా ఉందాం.

ఇది మన సంఘంనుంచే మొదలుకావాలి. ఈ కార్యవర్గంలో తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నవాళ్ళు ఉన్నారు. వారిలో మేమూ ఒకరము. వచ్చే ఏడు ఈ స్థానానికి ఎవరైనా పోటీ చేయవచ్చు. మా పేరు చూసి ఎవరూ వెనక్కి తగ్గవద్దని ఈ సభాముఖంగా కోరుతున్నాము.

అల్లాహ్ మనకు అమానత్‌ను గుర్తించే బుద్ధినీ, లెక్క అడిగే ధైర్యాన్నీ, లెక్క చెప్పే నిజాయితీనీ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు. ఖుదా హాఫిజ్.