చూపుడు వేలి మంద్రం

పాట వింటుంటే మనకు తెలియకుండానే కాలు ఆడుతుంది. చాలాసార్లు అది బేస్ గిటార్ పనే. ఆ వాద్యానికి ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ 1936లో అమెరికాలోని సౌత్ కరోలినాలో పుట్టాడు. డెట్రాయిట్ హైస్కూల్లో డబుల్ బేస్ పట్టాడు. క్లబ్బుల్లో జాజ్, కొన్నాళ్లు గాయకుడు జాకీ విల్సన్‌తో ఊరూరా కచేరీలు, మోటౌన్ అనే రికార్డు కంపెనీ స్టూడియోలో బేస్ గిటార్.

ఆయన కుడిచేతి చూపుడు వేలొక్కదానితోనే మీటేవాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే! తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఎన్నో హిట్ పాటలు వాయించినా, ఏళ్ల తరబడి మోటౌన్ రికార్డు అట్టల మీద ఆయన పేరే లేదు. అది అన్యాయం. 1971లో గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బంపై ఆ పేరు అచ్చయింది. మరుసటేడు కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలింది. ఆయన వెంట వెళ్లినా, అక్కడ పని తగ్గిపోయింది. 1983లో కన్నుమూశాడు. ఆ ఆల్బం దొరికితే, గొంతు కింద నడిచే ఆ మంద్రస్వరాన్ని ఒకసారి చెవిపెట్టి వినండి.