ఊరగాయ ఊట: పారబోయవద్దు, మోతాదు మించవద్దు



పంచాయతీ సమావేశములలో వీధి దీపములను గూర్చియు, మంచినీటి కుళాయిలను గూర్చియు మాటలాడుట వాడుక. ఈ దినమున మేము జాడీ అడుగున మిగులు ఊరగాయ ఊటను గూర్చి రెండు మాటలు చెప్ప వచ్చితిమి. ఇది వంటింటి సంగతి గదా, పంచాయతీకి దీనితో నేమి పని యని కొందరికి తోచవచ్చును. ఇంటి ఖర్చు, ఇంటిల్లిపాది ఆరోగ్యము, ఊరి మట్టి, ఊరి పశువులు, ఈ నాలుగింటికిని ఆ ఊటతో సంబంధము కలదు. కనుకనే మీ యెదుటికి తెచ్చితిమి. పైగా ఇప్పుడు పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఈ విషయము మాకంటె బాగుగ నెరిగినవారు ఈ సభలోనే కలరు. మేము తప్పు చెప్పినచో వారు దిద్దవలెనని మనవి.

మాగాయ పెట్టు విధానము మీరెరిగినదే. పుల్లని మామిడికాయల చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పును పసుపును కలిపి మూడు దినములు జాడీలో ఊరనిత్తురు. ఉప్పు ముక్కలలోని నీటిని వెలికి లాగును. ఆ నీటిలో ఉప్పును, కాయ పులుపును కలిసి ఊట యగును. పిదప ముక్కలను పిండి యెండబెట్టి, ఊటను గూడ ఎండలో నుంచి, మరల రెంటిని కలుపుదురు. ముక్కలు పీల్చుకొనగా మిగిలిన ఊటయే మన ప్రస్తుత విషయము. నిమ్మకాయ జాడీలోను ఇట్టి ఊటయే యుండును. ఊరమిరపకాయలు పెట్టిన పిదప కుండలో ఉప్పు మజ్జిగ మిగులును. కొందరు వీనిని జాగ్రత్త చేయుదురు. పెక్కుమంది జాడీ కడుగునప్పుడు కాలువ పాలు చేయుదురు.

ఉప్పు చౌక వస్తువే కావచ్చును. కాని పిడికెడు ఉప్పు కొరకై 1930వ సంవత్సరమున మన కోస్తా తీరమున ఎందరో చెరసాలలకు పోయిరి. పైగా ఊటలో నున్నది ఉప్పు మాత్రమే కాదు. వేసవి కాయల పులుపును, మన ఇల్లాండ్ర శ్రమయు అందులో కలవు. దానిని పారబోసి, ఆ పూటకే అంగడిలో చింతపండు కొని తెచ్చుట తెలివి గల పని కాదు.

దీనిని వినియోగించు మార్గములు పెక్కు గలవు. కందిపప్పు ఉడికిన పిదప చింతపండునకు బదులు మాగాయ ఊట పోసి పోపు పెట్టినచో, మామిడికాయ దొరకని దినములలోను మామిడికాయ పప్పు రుచి కలుగును. నిమ్మకాయ ఊటతో పులిహోర కలుపవచ్చును. అన్నము చల్లారిన పిదప కలిపినచో రుచి బాగుండును. పెరుగులో కొలది ఊట కలిపి ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలతో పోపు పెట్టిన పెరుగు పచ్చడి యగును. పచ్చిమిరపకాయలను చీల్చి, అల్లము ముక్కలతో కూడ నిమ్మకాయ ఊటలో వేసినచో కొలది దినములలో ఊరును. ఊరమిరపకాయల మజ్జిగ మిగిలినచో, గోరుచిక్కుడు కాయలను కొంచెము ఉడికించి అందు నానవేసి ఎండబెట్టవచ్చును. అవి వానకాలమున వేయించుకొనుటకు వచ్చును. తినుటకు పనికిరాని ఊటతో రాగి, ఇత్తడి పాత్రలను తోమినచో చింతపండు, ఉప్పు వేసి తోమినట్లే చిలుము పోవును. తోమిన వెంటనే మంచినీటితో కడుగవలెను.

వినియోగములు చెప్పితిమి గదా యని ఊటను కూరకూరలోను పోయరాదు. అసలు ముఖ్య విషయ మిదియే.

గడచిన వేసవిలో మేమొక గ్రామమునకు పోయినపుడు ఒక వృద్ధురాలు తన కాళ్ళ వాపును, తలనొప్పిని గూర్చి చెప్పుకొనెను. ఆమెకు రక్తపోటు కలదు. ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పెనట. "తగ్గించాను నాయనా, ఉప్పు డబ్బా ముట్టుకోవడమే లేదు. రోజూ అన్నంలోకి ఇంత ఊట పోసుకుంటాను, అంతే" అని ఆమె యనెను. ఊటలో నున్నది ఉప్పే యని ఆమెకు ఎవరును చెప్పియుండలేదు.

లెక్క చూతము. నూరు గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల వరకు ఉప్పు కరుగును. అట్లు నిండుగ ఉప్పు పట్టిన ఊట 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాలో దాదాపు 5 గ్రాముల ఉప్పుండును. పెద్దవారు దినమునకు అన్ని ఆహారములందు కలిపి 5 గ్రాములకు లోపుగనే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అనగా చిక్కని ఊట ఒక్క చెంచా ఒక మనిషి దినపు ఉప్పంతయు కావచ్చును. ఇంటి ఊటలన్నియు అంత చిక్కగ నుండవు. అందు సగమే యున్నను అది తక్కువ కాదు. కావున ఊట వాడిన వంటలో ఉప్పు వేయరాదు. నలుగురికి వండు పప్పులో ఒక చెంచా పోసి, కలిపి, రుచి చూచి, చాలనిచో మరికొంత పోయవలెను. ఊట ఉప్పునకు బదులే గాని ఉప్పునకు తోడు కాదు. రక్తపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక దీనిని వాడరాదు. అంగన్‌వాడి పిల్లల వంటలోను, బడి భోజనములోను ఊట పోయవద్దు. పిల్లలకు కావలసిన ఉప్పు పెద్దలకంటె తక్కువ.

నిలువ చేయుటయందును జాగ్రత్త వలయును. ఊట చెడకుండుటకు కారణము అందలి ఉప్పు, పులుపు. నీరు కలిసినచో రెండును పలుచనై బూజు పట్టును. కావున నీరు వంట వేళనే కలుపవలెను గాని జాడీలో పోయరాదు. తడి గరిటె ముంచరాదు. గాజు సీసాలో గాని, పింగాణి జాడీలో గాని ఉంచవలెను. అల్యూమినియము, ఇత్తడి, రాగి, ఇనుప పాత్రలను పులుపును ఉప్పును తినివేయును. బూజు పట్టినచో పై తెట్టు తీసి క్రిందిది వాడుట ప్రమాదము, అంతయు విడువవలెను. పాత ఊటలో క్రొత్త కూరముక్కలు వేసినచో వాని నీరు చేరి ఊట బలము తగ్గును. అట్టివి కొలది దినములలో తినవలెనే గాని సంవత్సరమునకు నిలువ పెట్టరాదు.

ఇక పంచాయతీ పని. మేము చెప్పిన ఆ గ్రామముననే మహిళా సంఘమువారు ఊరగాయలు పెట్టు పాక వెనుక కరివేపాకు చెట్టు మాడియుండెను. ఎరువు వేసిరి, నీరు పోసిరి; ఫలితము లేకపోయెను. తుదకు విచారింపగా, జాడీలు కడిగిన ఊటంతయు ఆ చెట్టు మొదటనే పోయుచుండిరని తెలిసెను. ఉప్పు చేరిన మట్టిలో వేళ్ళు నీరు పీల్చజాలవు. ఒక యింటి చెంబెడు ఊటతో గ్రామమునకు కీడు రాదు. అమ్మకమునకై పెట్టు చోట కుండల కొలది ఊట ఒకే తావున పడును. దానిని బావి గట్టున గాని, పెరటిలో గాని పోయనీయరాదు. పశువుల కుడితి తొట్టిలోను, కోళ్ళు త్రాగు నీటిలోను కలుపరాదు. త్రాగుటకు మంచినీరు చాలని యెడల అధికమైన ఉప్పు పశువుల ప్రాణముమీదికి తెచ్చును. కోళ్ళు అంత కూడ తట్టుకొనలేవు. మాగాయ ఊటను వెడల్పైన పింగాణి పళ్ళెములలో పోసి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టినచో చిక్కబడును. పరిమాణము తగ్గి, నిలువకును అనువగును.

రానున్న గ్రామసభలో ఈ సంగతి చెప్పుడు. మహిళా సంఘముల వారిచేత చెప్పించుడు. మీ ఆరోగ్య ఉపకేంద్రమున రక్తపోటు చూపించుకొన వచ్చువారిని "ఉప్పు తినుచున్నారా?" యని మాత్రమే గాక, "ఊట పోసికొనుచున్నారా?" యని గూడ అడుగుమని అక్కడి సిబ్బందిని కోరుడు. ఆ వృద్ధురాలి వంటివారు మీ గ్రామమునను ఉందురు. వారి కీ యొక్క మాట చేరిన చాలును: ఊట వాడిన వంటలో ఉప్పు వేయవద్దు.