మొత్తము చెప్పని సంగతి

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఒక రైతునకు సమానమైన రెండు చెక్కలు గలవనుకొనుడు. ఒకటి 30 బస్తాలు పండు మాగాణి. రెండవది సముద్రపుటొడ్డున 10 బస్తాలు పండు చవుడు. సరాసరి 20. ఈ అంకె తప్పు కాదు. కాని ఏ చెక్కను గురించియు నిజము చెప్పదు.

మా ఇంట ఒక బాలుడు గలడు. విన్న కథను పొల్లుపోకుండ చెప్పును. పుస్తకము చేతికిచ్చిన తడబడును, ఎక్కములు నిలువవు. ఇంత తెలివి గలవాడు చదువకుండుట సోమరితనమే యని తలచి, వానిని నేనే పలుమారు గద్దించితిని.

తరువాత నిపుణులు వానిని పరీక్షించిరి. బాలల బుద్ధిని కొలుచుటకు వెక్స్లర్ 1949లో ఒక పరీక్షను ప్రకటించెను. మాలిన్ 1969లో దానిని మన దేశపు బాలలకు తగినట్లు కూర్చెను. పదముల అర్థము చెప్పుట, దిమ్మెలతో బొమ్మ కూర్చుట, విన్న అంకెలను తిరిగి చెప్పుట, గుర్తులను త్వరగా వ్రాయుట—ఇవన్నియు అందు వేర్వేరు పద్దులు. సగటు 100. మావాని మొత్తము సగటునకు దగ్గరగనే వచ్చెను. పద్దులు చూడగా మొదటి రెండింట చాల మిన్న. చివరి రెండింట చాల తక్కువ.

అవధానము చూచినవారికి ఇది వింత గాదు. సమస్యను క్షణములో పూరించు పండితుడు గంటల లెక్క తప్పవచ్చును. అంతమాత్రమున ఆయన కవి కాకపోవునా?

అయితే పద్దులలో తేడా కనబడినంతనే లోపమున్నదని నిశ్చయింపరాదు. ఎల్ల పిల్లలలోను కొంత తేడా సహజము. కన్ను, చెవి పరీక్షించి, చదువును, వ్రాతను, లెక్కలను వేరుగ చూచిన పిమ్మటనే నిపుణులు నిర్ణయింతురు.

తెలివిగల బాలుడు చదువలేకపోవుటను గూర్చి ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ 1896లోనే వ్రాసెను. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన లోపమును గుర్తించినది. అట్టి పిల్లలకు పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు వంటి వసతులను చెప్పినది. తలిదండ్రులు సిగ్గుపడక అడుగవలెను.

కార్యవర్గమునకు నాదొక మనవి. వారమున కొక సాయంకాలము పెద్దలు చదువగా పిల్లలు వినెడి ఏర్పాటు ఇచ్చట చేయుడు. చెవిన పడిన విద్యయు విద్యయే. నేను గద్దించిన బాలునకు మొదటి కథ నేనే చదివి వినిపింతును.