డెంగ్యూ – మన ఇంటి నీళ్ళు
(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుని ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల చర్చ తరువాత నన్ను మాట్లాడమన్నారు. సగంమంది మనసు ఇంకా అక్కడే ఉంటుందని తెలుసు. బి.పి., షుగరు గురించి ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం కనుక ఈసారి దోమ గురించి చెబుతాను.

మన ఊరికీ దోమకూ పాత బంధుత్వం ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాదులోనే. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఇప్పుడు మనం ఉచితంగా కుట్టించుకుంటున్నాం.

రాస్‌గారి దోమ వేరు, డెంగ్యూ దోమ వేరు. దీని పేరు ఈడిస్. కాళ్ళమీద తెల్లచారలుంటాయి. పగటిపూట కుడుతుంది. మురుగుకాలువ దీనికి అక్కరలేదు, మనం దాచుకున్న శుభ్రమైన నీళ్ళే కావాలి. పుట్టినచోటు నుంచి సాధారణంగా కొద్ది వందల మీటర్లు దాటి పోదు. అంటే మనల్ని కుట్టినది మన ఇంటిదో, పక్కింటిదో.

ఈ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గుట్టలమీద బంగళా గోడ దిగితే బస్తీ. నల్లా రోజు విడిచి రోజు వచ్చేచోట డ్రమ్ముల్లో నీళ్ళు పట్టుకోక ఏం చేస్తారు? వారిని తప్పుపట్టడం మనకు అలవాటు. మరి ఇటువైపు సంపు, ఫౌంటెను, కుండీల కింద పళ్ళాలు, వేసవి అయ్యాక మూలపడ్డ కూలరు! సినిమా సెట్టింగు సామాను ఆరుబయట పడి ఉంటే, వాన పడ్డాక అందులో ప్రతి గుంటా ఒక తొట్టే.

మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో మా ఆవిడకు జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా విరిచేసినట్టు బాధ. మామూలు వైరల్ అనుకున్నాను. రెండోరోజు నాకు చెప్పకుండా మోకాళ్ళ నొప్పుల మాత్ర వేసుకుంది. ఐదోరోజు జ్వరం జారింది. "తగ్గిందండీ" అంటూ వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు, చేతులు చల్లబడ్డాయి. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. దేవుడి దయవల్ల బయటపడింది. తరువాత మునిసిపల్ సిబ్బంది కుర్రాడొకడు వచ్చి, టీవీ పక్కనున్న మనీప్లాంటు సీసా ఎత్తి చూపించాడు. లార్వాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. "డాక్టరుగారూ, ఇది మీదేనా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి, ఏమి చెప్పను!

డెంగ్యూలో జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి ద్రవం ఊరిపోయి బి.పి. పడిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగత, మూత్రం తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. జ్వరానికి పారసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వద్దు. మనలో చాలామంది గుండెకోసం ఆస్పిరిన్ వాడుతున్నాం. దాన్ని సొంతంగా మానవద్దు, చెప్పకుండా వాడుతూ పోవద్దు. జ్వరం వచ్చిన రోజే డాక్టరుకు ఆ మాత్ర చూపించండి. ఇక ప్లేట్‌లెట్ల అంకె చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. రక్తస్రావం లేనప్పుడు చాలామందికి ఎక్కించే అవసరమే రాదు. బొప్పాయి ఆకు రసం తాగించి ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. 2020లో జి.హెచ్.ఎం.సి.వారు ఆదివారం పది గంటలకు పది నిమిషాలు కేటాయించమన్నది ఈ లెక్కనే. నీళ్ళు ఒలకబోస్తే చాలదు, గిన్నె తోమాలి. గోడకు అంటిన గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి ఉంటాయి, నీళ్ళు తగలగానే పొదుగుతాయి. పొగ కొట్టేవాళ్ళు వస్తే సంతోషిస్తాం గానీ ఆ పొగ ఎగిరే దోమలనే చంపుతుంది, సీసాలో ఉన్నవాటి జోలికి పోదు.

వచ్చేటప్పుడు చూశాను, ఈ హాలు మెట్ల దగ్గర రెండు కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళున్నాయి. ఒకటి నేను బోర్లించి వచ్చాను. రెండోది కార్యదర్శిగారికి వదిలిపెట్టాను.