కొండదారి – నీటిదారి

(ఏజెన్సీ గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగము)



మేము ఇంజనీరులము కాము, ప్రచారశాఖ వారము. అయినను ఇంజనీరుల వెంట ఘాట్ రోడ్లపై తిరిగి చూచినది, వారిని అడిగి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. అరకు, పాడేరు ప్రాంతములలో చెట్లు కూలి, చరియలు జారి దారులు తెగినవి. దారి తెగిన దినమున గర్భిణీ స్త్రీని ఆసుపత్రికి చేర్చుట యెంత కష్టమో మేము చెప్పనక్కరలేదు. డోలీ మోసినవారు మీలోనే ఉన్నారు.

చరియ యేల జారును? కొండ బరువుచే జారునని పలువురు తలంతురు. ఆ బరువు వేసవిలోను ఉన్నది గదా! మన తూర్పు కనుమలలో ఖొండలైటు అను శిల విస్తారముగా గలదు. (ఖోండుల పేరనే దాని కాపేరు వచ్చినది.) అది ఎండవానలకు మెత్తబడి ఎఱ్ఱమట్టిగా మారును. రోడ్డు కొరకు ఆ మట్టిని నిలువుగా కోసినచో క్రింది ఊత పోవును. పైనుండి నీరు ఇంకగా మట్టి బరువెక్కి, రేణువుల నడుమ పట్టు సడలును. అప్పుడు చరియ దిగును. కావున గోడకంటె ముందు కాలువ కావలెను.

కోతకు పైన అడ్డముగా త్రవ్విన కాలువ కొండనీటిని ప్రక్కనున్న గెడ్డలోనికి మళ్లించును. రోడ్డు లోపలి అంచున మరొక కాలువ, ఆ నీటిని దాటించుటకు తూములు ఉండును. ఇవి కట్టుట ప్రభుత్వ శాఖల పని. పూడిక మాత్రము తొలకరికి ముందే తీయింపవలెను. ఆకులు, రాళ్లు నిండిన తూము ఒక్కటి చాలును, నీరు రోడ్డు మీదుగా పొరలి లోయవైపు అంచును కోసివేయుటకు! రక్షణగోడలోని రంధ్రములను పిల్లలు ఆటగా రాళ్లతో మూయుచుందురు. గోడ వెనుక చేరిన నీరు వెలికివచ్చు దారులవి. మూసినచో గోడయే కూలును.

కోతపై వట్టివేరు దుబ్బులను అడ్డువరుసలుగా నాటినచో వేళ్లు రెండు మూడు మీటర్ల లోతునకు దిగి మట్టిని పట్టును. లోతునుండి జారు చరియను గడ్డి ఆపజాలదు. అచట తీగవలలో రాళ్లు నింపి కట్టిన గోడలు వలయును.

ఇక గ్రావెలు సంగతి. ఇంటి పునాదికో, కాంట్రాక్టరుకో కొండపాదమున త్రవ్వుట సులభము. పాదము పోయిన కొండ నిలువదు. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా ఖనిజముల లీజునకు ముందుగా గ్రామసభ గాని పంచాయతీ గాని సిఫారసు చేయవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. ఆ కాగితము వచ్చినపుడు స్థలము చూచిన పిదపనే సంతకము చేయుడు.

వానలలో కోతపైన నేల నెఱ్ఱె విచ్చినను, చెట్లు ఒరిగినను, ఊటనీరు హఠాత్తుగా బురదయై వచ్చినను ఆ రాత్రి జీపులను ఆపి, తహసీల్దారునకు వెంటనే తెలుపుడు.