ఒకే వరుసలో రెండు లక్షణములు



నేడు అనేక కార్యాలయములలో పద్దు పుస్తకమునకు మారుగా కంప్యూటరు పట్టిక వచ్చినది. దానిని స్ప్రెడ్‌షీటు అందురు. అడ్డముగా ఒక వరుస ఒక మనిషికి. నిలువు వరుస ఒక్కొక్కటి ఒక్కొక్క వివరమునకు. కరణములు వ్రాసిన పద్దులకును దీనికిని రూపములో భేదము స్వల్పమే గనుక బెదరవలసిన పని లేదు. అయితే అందుండి తీసిన అంకెను సభలో చదివినప్పుడు, అది ఎవరిని లెక్కించి వచ్చినదో అడుగగల శక్తి మనకుండవలెను.

ఒక ఊరిలో 400 మంది జాబితా కలదనుకొందము. అందు 65 ఏండ్లు నిండినవారు 90 మంది. ఒంటరిగా నివసించువారు 50 మంది. ఒంటరి వృద్ధులకు ఇంటికే భోజనము పంపవలెనని సభ నిశ్చయించినది. ఎందరికి వండవలెను? ఒకరు 90కి 50 కూడి 140 అందురు. మరియొకరు ఒంటరివారు 50 మందియే గదా యందురు. రెండును సరికావు. ఆ 50 మందిలో అద్దె గదిలో నున్న పడుచు ఉపాధ్యాయుడును ఉండవచ్చును. 90 మంది వృద్ధులలో కొడుకులు, కోడండ్రతో సుఖముగా నున్నవారును ఉందురు. వృద్ధాప్యమును ఒంటరితనమును ఒక్క మనిషియందే కూడినవారు మనకు కావలెను. వారు 34 మంది యనుకొందము.

మన శాస్త్రములలో దీనికి సామానాధికరణ్యమని పేరు. నల్లకలువ యన్నప్పుడు నలుపును కలువతనమును ఒకే పూవునందుండవలెను. ఒక చెరువులో నల్లనిదేదో, వేరొక చెరువులో కలువయేదో యున్నంత మాత్రమున నల్లకలువ కానేరదు. పట్టికలో ఆ అధికరణము అడ్డవరుస.

ఇట్టి లెక్కను యంత్రమునకు అప్పగించుట నిన్న మొన్నటిది కాదు. 1890 నాటి అమెరికా జనగణనలో హెర్మన్ హోలెరిత్ యంత్రము, మనిషికొక అట్టముక్కకు వేసిన రంధ్రములను బట్టి, పలు లక్షణములు కూడినవారిని లెక్కించెను. ఎక్సెల్ అను పట్టికలో 2007 కూర్పునుండి ఇందుకై కౌంట్‌ఇఫ్స్ అను సూత్రము కలదు. అంతకు ముందునుండి యున్న కౌంట్‌ఇఫ్ ఒక్క నిబంధననే గ్రహించును. క్రొత్త సూత్రము పేరు వ్రాసి, కుండలీకరణములలో మొదట వయస్సుల నిలువు వరుసను, పిదప ">=65" అను నిబంధనను, మరల నివాసపు నిలువు వరుసను, పిదప "ఒంటరి" యను మాటను చేర్చవలెను. ఇట్టి జంటలు 127 వరకు చేర్చవచ్చును.

నిలువు వరుసల పొడవులు సరిపడనిచో యంత్రము లెక్కకు బదులు తప్పు గుర్తు చూపును. అది మేలు. పొడవు సరిపోయియు, ఒకటి రెండవ గడినుండి, వేరొకటి మూడవ గడినుండి మొదలైనచో మాత్రము అది నోరెత్తదు; ఒకరి వయస్సునకు పొరుగువారి నివాసమును జతపరచి, ఏదో ఒక అంకెను చూపును. గుమాస్తాను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

వృద్ధులైనను సరే, ఒంటరివారైనను సరే యన్నచో అది వేరు ప్రశ్న. అప్పుడు 90కి 50 కూడి, రెండు మారులు లెక్కకు వచ్చిన 34 తీసివేయగా 106 వచ్చును.

ఇక తార్కికులు అవ్యాప్తి యను దోషము. వయస్సు గడిలో 72 అని అంకె వేయక "72 ఏండ్లు" అని వ్రాసినచో యంత్రమునకు అది అంకె కాదు, మాట. ఆ అవ్వ 65 నిండినవారి లెక్కలో చేరదు. "ఒంటరి" యను మాట చివర ఒక ఖాళీ పడినను అంతే. మన కంటికి కనబడదు, సూత్రమునకు అది వేరు మాట. అవ్వ ఇంటనే యుండును, జాబితాలోను ఉండును, అన్నము మాత్రము రాదు.

కౌంట్ అను మరియొక సూత్రము అంకెలున్న గడులనే లెక్కించును. వయస్సుల నిలువు వరుసకు దానిని వేయించుడు. 400కు బదులు 397 వచ్చినచో, మూడు గడులలో వయస్సు మాటగా నున్నది, లేదా అసలు లేదు. వంటకు బియ్యము కొలువక ముందే ఆ మూడు పేర్లను సభలో చదివించుడు.